జర పెంచు బిడ్డా

ఆదివారం రాత్రి, నవాగామ్

నా చేతిరాత కోడిగీతలే, తప్పులూ ఉంటాయి, మన్నించాలి. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

బాధ కలిగితే ఆపుకోలేక తినేవాళ్ళ కోసం నా మనవరాలు స్రవంతి ఒక మాట్లాడే యాప్ తయారు చేస్తోంది. ముందుగా వాళ్ళమ్మ, అంటే నా కోడలు పద్మ, ఫోన్‌లోనే పెట్టింది. మగ్గాల మోతకు చెవులు పోయిన నాకు నిన్న వినిపించి చూసింది.

"తాతా, గిప్పుడు వినపడ్తుందా?"

"ఇంకా జర పెంచు బిడ్డా."

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఈ సాయంత్రం చుట్టాలతో భోజనానికి కూర్చోగానే, పద్మ ఫోన్‌లోని యాప్ గది దద్దరిల్లేలా అడిగింది: "అక్కా, ఆకలై తింటున్నవా, బాధయి తింటున్నవా?"

"ఏంది వదినె, నీ తిండికి ఫోన్ గూడ కావలి కాస్తుందా!" అంది నా కూతురు. అందరూ నవ్వారు. పద్మ పళ్ళెం వదిలి లోపలికి పోయింది. నేను తల వంచుకుని తింటూనే ఉన్నాను.

కోడలితో ఎదురుగా మాట్లాడే అలవాటు నాకు లేదు. ఈ పేజీ చింపి ఉప్పు డబ్బా కింద పెడతాను.

పద్మా, ఫోన్ గొంతు పెంచమన్నది నేనే, పిల్లను ఏమీ అనకు. నీ బాధ ఏమిటని ఫోన్ అడిగింది, ఇన్నేళ్ళలో నేను అడగలేదు. ఏమైనా తిన్నావా? పొద్దున్నే ఒక్క మాట చెప్పమ్మా.