కడుపులో పుండని చెప్పాను

హ్యూ నగరం, గురువారం

క్వాంగ్ అన్నయ్యా,

ఇంటికి పెద్దకొడుకువి, నీ మాట తీసెయ్యలేక నాన్నకు కడుపులో పుండని చెప్పాను. నాయనమ్మకూ అప్పుడు అందరం అదే చెప్పాం. రేపో మాపో లేచి తిరుగుతాననుకుంటూనే పోయింది. నేను క్యాన్సర్ డాక్టరునైంది ఆ కోపంతోనే. నా రోగులెవరికీ ఇంతవరకు రోగం పేరు దాచలేదు.

ఈ ఉదయం మా ఆసుపత్రి వార్డులో నాన్న గంజి గిన్నె పక్కన పెట్టి, "పక్క మంచం ముసలాడి దగ్గర అరగంట కూర్చుని అన్నీ విడమరిచి చెప్పావు. నా దగ్గర రెండు నిమిషాలు నిలబడవేం తల్లీ? నాది అంత చులకన పుండా?" అన్నారు. నవ్వేసి బయటికొచ్చాను. ఆయన నవ్వలేదు.

ఆదివారం నిజం చెప్పేస్తాను. సైగాన్ నుంచి బస్సెక్కి రా. రాకపోతే, నువ్వెందుకు రాలేదని ఆయన అడుగుతారు. అదీ దాచను.

నీ చెల్లెలు