కలకత్తా నుంచి మూడు గంటలు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కలకత్తా చేపపిల్లలను ఈసారి మీ సూరిబాబు విమానంలో తెప్పించాడు. పోయినసారివి చచ్చాయి, ఇవీ చస్తే చెరువు మానేస్తానన్నాడు. మనం కుండల్లో పోసి, నీళ్లకు గాలి తగలాలని చేత్తో కొడుతూ, రెండు రోజులు రైల్లో తెచ్చేవాళ్లం కదా. ఆ దూరం ఇప్పుడు మూడు గంటలు.

గన్నవరంలో దిగిన ప్లాస్టిక్ సంచులను జీపెక్కించాక, అలవాటు కొద్దీ ఒకదాని మూతి విప్పబోయాను.

"విప్పకు బాబాయ్! గాలి నింపే కట్టారు. చేతులు కట్టుకు కూర్చోలేవా?" అని సూరిబాబు అరిచాడు.

"మీ నాన్నయితే నీళ్లు కొట్టమనేవాడురా."

"నాన్న విమానంలో తేలేదుగా!"

కూర్చున్నాను. సాయంత్రం కైకలూరు చెరువులో వదిలితే మందలుగా ఈదుకుపోయాయి. చచ్చినవి నా గుప్పిట్లో పట్టాయి. మనకైతే బుట్ట నిండేది. చెరువు మానేస్తానన్న మీవాడు అప్పుడే పక్క చెరువు వైపు చూస్తున్నాడు.