ప్రార్థన పుస్తకంలో ఆటీను రాణి

బావా,

నువ్వు పోయి ఏడాదైందని రెంటచింతల వచ్చాను, నిన్ను క్షమించడానికి కాదు. గురజాల పెళ్లిలో నేను పేకముక్కల గారడీ చేస్తుంటే, "ఒరేయ్, ముక్క వీడి చొక్కా చేతిలోనే ఉంది" అని నలుగురిలో అరిచింది నువ్వే. ఆ తర్వాత నన్నెవరూ పిలవలేదు.

చూసినవాళ్ల చేత ముక్క మీద పేరు రాయించి, చివర్లో గుర్తుగా వాళ్లకే ఇవ్వడం నా అలవాటు. ఆ రోజూ నీ ముక్క నీకిచ్చాను. పారేశావనుకున్నాను.

ఇవాళ చెల్లెలు నీ ప్రార్థన పుస్తకం తెరిచింది. అందులో నీ సంతకంతో ఆటీను రాణి ఉంది.

"ఏంది అన్నయ్యా ఇది? చానా ఏళ్లు నన్ను ముట్టనియ్యలేదు. యుద్ధమొచ్చి పేకలు దొరకట్లేదంటగా, తీసుకుపోయి నీ కట్టలో కలుపుకో."

ఇచ్చింది వెనక్కి తీసుకోను. అక్కడే పెట్టించాను.

ఇంతగా దాచుకున్నవాడివి, బాగుందని ఆనాడు ఒక్క మాటంటే నీ సొమ్మేం పోయేది?