గట్టు మీద గునుగు

వెల్దుర్తి

ప్రియమైన తేజూకి,

ఎండబెట్టిన పూలు ఫోన్‌లో పంపలేను కాబట్టి ఈ ఉత్తరం. నీ బోటనీ క్లాసు కోసం మన పత్తి చేను గట్టు మీద దొరికినవి పాత పేపర్లో అదిమి పెట్టాను. చిన్న నీలం పువ్వు విష్ణుక్రాంతమే కదా? తెల్లటిది తుమ్మి అనుకుంటున్నాను. చూసి చెప్పు.

గునుగు మాత్రం కోయలేదు. అమ్మ పోయాక, కృష్ణా నది అవతల, తెలంగాణలోని మా హాలియాలో నాకోసం బతుకమ్మ పేర్చేవాళ్లు లేరు. ఈసారి ఈ గునుగు పూలతో ఇక్కడే పేరుస్తాను. మీ అన్నయ్య కలుపు మందు కొడతానంటే, గట్టు జోలికి రావద్దని పోట్లాడి ఆపాను. అత్తయ్య ఒకటే నవ్వు. "కలుపుమొక్కకి పండగేందే? మేం పీకి పారేసేదాన్ని మీరు పళ్లెంలో పెట్టి మొక్కుతారా?" అంది. నవ్వనీ. ఆ గులాబీ, తెలుపు కంకులు చూస్తే నాకు అమ్మ చేతులే గుర్తొస్తున్నాయి.

నీ వదిన,
రోహిణి

నరసరావుపేట

ప్రియమైన వదినా,

రెండూ సరిగ్గా గుర్తుపట్టావు. పరీక్ష నా బదులు నువ్వే రాసేట్టున్నావు! ఈ నేలలో సొంతంగా పెరిగే మొక్కలన్నీ సేకరించమన్నారు మా మేడమ్. గునుగు కూడా కావాలి, వేళ్లతో సహా. నిన్ను శ్రమ పెట్టడమెందుకని అన్నయ్యకే ఫోన్ చేసి చెప్పేశాను.

హాస్టల్ చారు తాగలేక చస్తున్న నీ ఆడపడుచు,
తేజస్వి

వెల్దుర్తి

తేజూ,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రావడం లేదు. వేళ్లతో సహా అన్నావు, ఎన్నో చెప్పలేదు. చెల్లెలు అడిగిందని మీ అన్నయ్య ఒక్క మొక్క మిగల్చకుండా గట్టంతా పీకి, గోతంలో కుక్కి పేట బస్సెక్కించాడు. పైగా "మన తేజుకి ఫస్టు మార్కు వచ్చిద్ది చూడు" అని మురిసిపోతున్నాడు. ఆ మనిషిని ఏమని తిట్టను? చుట్టుపక్కల చేలన్నిటికీ మందు కొట్టేశారు. బతుకమ్మ ఆఖరి రోజు వచ్చే వారమే. గట్టు చూస్తే ఏడుపొస్తోంది. అమ్మ మళ్లీ పోయినట్టుంది.

రోహిణి

నరసరావుపేట

వదినా,

తప్పు నాదే. నాకు కావాల్సింది ఒక్క మొక్క. గోతం చూసి నేనూ హడలిపోయాను. పారేయబుద్ధి కాక కంకులన్నీ హాస్టల్ వరండాలో తలకిందులుగా వేలాడదీశాను. గునుగు ఎండినా రంగు అంతగా పోదు. ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ బస్సులో పంపుతున్నాను. నా మీద కోపం ఉంటే ఉండనీ, పండగ మాత్రం మానకు.

తేజు

వెల్దుర్తి

ప్రియమైన తేజూకి,

పేర్చాను. తంగేడు మీ అన్నయ్యే కొండవైపు వెళ్లి తెచ్చాడు, ఈసారి ఎంత కావాలో అడిగి మరీ. అత్తయ్య మంచం మీద కూర్చుని దూరం నుంచే చూసింది. వాగుకు బయల్దేరేటప్పుడు మాత్రం లేచొచ్చి, పళ్లెం నా చేతుల్లోంచి తీసుకుని తనే మోసింది.

మర్నాడు పొద్దున చూద్దును కదా, పేర్చిన చోట రాలిన నల్లటి గింజలను పోగుచేసి కొంగున కట్టుకుంటోంది. వెనకే వెళ్లాను. బోడి గట్టు మీద వంగి ఆ గింజలు చల్లుతోంది తేజూ! జీవితమంతా కలుపు పీకిన మనిషి.

నన్ను చూసి కసిరింది. "ఏందే, చూస్తా నిలబడ్డావు? మీ అమ్మ లేదని వచ్చే ఏడు పండగ ఆగిద్దా? ఊళ్లో ఎవురికీ చెప్పబాక, నవ్వుతారు."

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రోజూ గట్టు వైపు చూసొస్తున్న నీ వదిన,
రోహిణి