తెల్లకాగితం పరీక్ష

వహీదా మేడం,

మీరు పోయాక ఇవే మొదటి అడ్మిషన్లు. పాలిటెక్నిక్ నుంచి మన కంప్యూటర్ సైన్స్‌లోకి వచ్చేవాళ్లు ఏ క్లాసులో కూర్చోవాలో తేల్చడానికి మీరు తెల్లకాగితమిచ్చి ప్రోగ్రామ్ రాయించేవారు. కొత్త హెడ్ మార్కుల మెమో మాత్రమే చూస్తాడు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రెండేళ్లు స్టాకు ప్రోగ్రాములు రాసిన స్వరూపను మళ్లీ ఓనమాల క్లాసులో వేశాడు.

“మెమోల ప్రోగ్రామింగ్ సబ్జెక్టే లేదు. తెల్లకాగితమని ఏ రూల్ల ఉంది, చూపియ్యుండ్రి!” అన్నాడు.

ఎక్కడుంది? ఇన్నేళ్లలో ఒక్కసారైనా రాసిపెట్టారా మీరు? ఒళ్లు మండింది, మీ మీద కూడా. స్వరూపకు కాగితమిచ్చాను. పావుగంటలో రాసేసింది. హెడ్ చదివి, అడ్మిషన్ ఫారంలో పై క్లాసని దిద్ది నా ముందుకు తోశాడు.

సంతకం పెట్టాను. అలవాటుకొద్దీ పైన మీకు చోటు వదిలేసి, కింద పెట్టాను.