కోటు జేబులో పేడపురుగు

లాండ్రీ అత్తకి,

నువ్వు ఉతికి పంపిన తెల్లకోట్లు అందాయి. మ్యూజియంలో అందరి కళ్ళూ నా కోటు మీదే. అయితే ఒక జేబులో చచ్చిన పేడపురుగు ఉంది. కంగారుపడకు, తిట్టడానికి రాయడం లేదు. మెడ ఎర్రరాగి, వీపు నెమలిపచ్చ, నెత్తిన వంపు తిరిగిన కొమ్ము. ఎంత బాగుందో!

మా పురుగుల గదిలో దీని కుటుంబం ఉంది. ముగ్గురు దగ్గరి చుట్టాలు. రంగులది, మసిది, మొద్దుతలది. మొద్దుతలదాన్ని పోల్చుకోవడం తేలికే. దాని తల ముందు అంచు గుండ్రంగా ఉంటుంది, మిగతా రెండింటికీ అక్కడ చిన్న నొక్కు ఉంటుంది. నా ప్రాణం తీస్తున్నది రంగులదీ మసిదీ. కొమ్ము ఒకటే, ముందుకాళ్ళ అంచున రంపంలా ఉండే పళ్ళూ ఒకటే. ఒకటి మెరుస్తుంది, ఒకటి మెరవదు, అంతే. మసిది మా పెద్దసారు కనిపెట్టిందే. దానికి వాళ్ళ అత్తగారి పేరు పెట్టుకున్నారు. "రంగు ఎవరైనా చెబుతారమ్మా, ఒంటి ఆకారంలో తేడా చూపించు" అంటారు. ఏమిటా తేడా అని అడిగితే "ఉంది, వెతుకు" అంటారు.

నెలాఖరున పేర్ల చీటీలన్నీ తీసేసి పురుగుల్ని బల్ల మీద పెడతారు. వేరు చేస్తే ఉద్యోగం ఖాయం. చెయ్యలేకపోతే నీ షాపుకొచ్చి బట్టలు మడతపెట్టుకుంటాను. మామయ్య పశువుల కొట్టంలో దీపం కింద పడి చచ్చినవి ఉంటే పంపవా?

ఇట్లు,
ఉద్యోగం ఉందో లేదో తెలియని నీ మేనకోడలు

తా.క.: కొమ్ము లేనివి కూడా పంపు. అవి వేరే జాతి కాదు, ఆడవాళ్ళు.

---

పురుగుల కోడలికి అత్త ఆశీస్సులు.

అంత చదువు చదివి పేడపురుగుల పాలయ్యావేమిటే అని కాసేపు ఏడ్చాను. "నేను రోజూ ఎత్తేది పేడే కదా, నా కోసం ఎప్పుడైనా ఏడ్చావా?" అన్నాడు మీ మామయ్య. దాంతో నా ఏడుపు ఆగిపోయింది.

డబ్బా పంపుతున్నాను. కొమ్మున్నవీ లేనివీ కలిపే పెట్టాను, మొగుడూ పెళ్ళాల్ని విడదీసిన పాపం నాకెందుకు? కానీ అబ్బబ్బ, ఏం మురికే తల్లీ! మన షాపు గడప దాటే వస్తువు మీద మరక ఉండకూడదు కదా. పైగా వెళ్ళేది నువ్వు పనిచేసే చోటికాయె. గోరువెచ్చటి నీళ్ళలో సబ్బుపొడి వేసి నానబెట్టి, పాత పళ్ళబ్రష్షుతో మెల్లగా రుద్ది, నీడపట్టున ఆరబెట్టాను. ఒకదానికొకటి మారిపోకుండా కాళ్ళకి టోకెన్లు కూడా కట్టాను. మీ సారు మెచ్చుకోకపోతే నన్నడుగు.

నీ అత్త

తా.క.: ఇస్త్రీ చెయ్యలేదు. మీ మామయ్య అడ్డుపడ్డాడు.

---

అత్తా, నా కొంప ముంచావు!

డబ్బా తెరిచేసరికి పెద్దసారు నా వెనకే ఉన్నారు. "ఈ టోకెన్లేమిటి? ఈ సబ్బు వాసనేమిటి?" అని అరిచిన అరుపుకి పక్క గదిలో సీతాకోకచిలుకల పెట్టె అద్దం అదిరింది. పురుగు ఎలా దొరికిందో అలాగే ఉండాలి, ఇది ఈ గదిలో మొదటి నియమం. తుడవకూడదు, దులపకూడదు. ఊదితే కూడా ఒప్పుకోరు. ఇక నాకు రాని పని అంటూ లేదు, క్షమాపణ పత్రాలు కూడా రాసేస్తున్నాను.

అసలు గొడవ అది కాదు. నువ్వు పంపినవన్నీ రంగులవే. మసిది ఒక్కటంటే ఒక్కటి లేదు. సారు సొరుగులోనేమో అన్నీ మసివే. కొత్త మసివి నాలుగు నా దగ్గరుంటే పక్కపక్కన పెట్టుకుని భూతద్దంలో చూసుకుంటాను. ఇంకోసారి వెతుకు. ఈసారి దండం పెడతాను, కడగకు. ఒంటికి అంటిన పేడతో సహా పంపు.

భయంతో,
నీ కోడలు

తా.క.: ఒంటికి అంటిన పేడ అన్నాను. మామయ్య చేత బుట్టెడు ఎత్తించకు.

---

కోడలా,

నువ్వన్నట్టే కడగకుండా పంపుతున్నాను. మూత పెడుతుంటే కడగాలని నా చేతులు ఒకటే దురద. తపాలా గుమాస్తా డబ్బాని ముక్కుకి ఆమడ దూరంలో పట్టుకుని "ఏమిటండీ ఇది?" అన్నాడు. "మా కోడలి ఉద్యోగం" అన్నాను.

మసిదీ మసిదీ అన్నావని కొట్టమంతా గాలించాను. నాకు అలాంటిదేమీ కనబడలేదు. ఇక్కడున్నవి ఇవే. వీటితోనే ఎలాగోలా గట్టెక్కు. మీ సారుతో ఎదురు మాట్లాడకు. ఉద్యోగం పోతే పోయింది, నా పక్కన ఇంకో ఇస్త్రీ బల్ల వేయిస్తాను. ఏడవకు.

నీ అత్త

తా.క.: వీటితోపాటే దొరికిన ఇంకొన్నింటిని నా దగ్గరే ఉంచుకుని ఉతికేశాను, చెయ్యి ఊరుకోదు కదా. అన్నీ నెమలిపచ్చే! నీ దగ్గరున్నవీ అంతే, మురికి కింద ఉన్నది అదే రంగు.

---

అత్తా, నా బంగారు అత్తా,

డబ్బా చూసిన సంబరంలో నీ తా.క. చదవనే లేదు. నేరుగా సారు చేతిలో పెట్టాను. ఆయన భూతద్దంలో చూసి మురిసిపోయారు. "ఇవే! సందేహమే లేదు, మా అత్తగారివే!" అన్నారు. తర్వాత సీటుకొచ్చి నీ ఉత్తరం పూర్తిగా చదివాను. సారు మురిసిపోయినవి మురికి పట్టిన రంగులవేనన్నమాట!

పరీక్ష రోజు మొద్దుతలవాటిని టకటకా పక్కకు తీసేశాను. మిగతావి కలిపి ఒకే కుప్పగా ఉంచాను. "ఇవి వేరు చెయ్యవా?" అన్నారు. "చెయ్యలేను సార్. ఒక గిన్నెడు గోరువెచ్చటి నీళ్ళు ఇప్పిస్తారా?" అన్నాను. ఆయనే 'మా అత్తగారివి' అన్నవాటిలో ఒకదాన్ని సబ్బునీళ్ళలో వేసి బ్రష్షు పెట్టాను. ముందు ఎర్రరాగి మెడ తేలింది, తర్వాత పచ్చటి వీపు. ఇక అయిపోయింది, మూట సర్దుకోవడమే అనుకున్నాను.

సారు లేచి తన సొరుగు దగ్గరికి వెళ్ళారు. తాళం తీసి, తాను మొదట కనిపెట్టిన మసిదాన్ని తెచ్చి, తన చేత్తోనే గిన్నెలో వేశారు. పిల్లాడిలా గిన్నె మీదికి వంగి కూర్చున్నారు. అదీ మెరిసింది. "ఎంత అందంగా ఉందమ్మా! ఇన్నేళ్ళూ చూడనే లేదు" అన్నారు. తలెత్తి, "అయితే ఇవి ఎన్ని జాతులు?" అన్నారు.

"రెండే సార్."

"రెండూ వేరు చేశావుగా. ఇక ఉద్యోగం నీదే. మా అత్తగారికి ఈ సంగతి ఎలా చెప్పాలో అదొక్కటే నాకు తెలియడం లేదు."

నేను ఏడ్చాను అత్తా. ఈసారి నువ్వు ఏడవకు.

ఇట్లు,
ఉద్యోగం ఉన్న నీ కోడలు

తా.క.: ఈ డబ్బాలో సారు కోటు పంపుతున్నాను. కాఫీరంగుదే కొన్నానని ఆయన ఒట్టేసి చెబుతున్నారు. నువ్వేమీ అడక్కుండా ఉతికి, అసలు రంగేమిటో రాయి.