ఆయుధపూజ తర్వాత మీ కారు

ఏమండీ,

మీరు వెళ్లాక మొదటిసారి మీ కారుకి ఆయుధపూజ నేనే చేశాను. రెండు వారాలకే అది మొరాయించింది. కొత్త బ్యాటరీ వేయిస్తే నాలుగో రోజుకి దిగిపోయింది. అబ్బాయి అమ్మేద్దామన్నాడు. చూడకుండా అమ్మనివ్వనన్నాను.

బ్యాటరీ బయట చార్జి చేయించి, మీ వోల్టు మీటరు తీశాను. మనవరాలు సింధు వైర్లు పట్టుకుంటే నేను చదివాను. ఇంజిన్ ఆపినప్పుడు పన్నెండున్నర వోల్టులు. ఇంజిన్ నడుస్తుంటే పద్నాలుగు చూపించాలనేవారు మీరు. పన్నెండు దగ్గరే ఉండిపోయింది.

"తప్పు బ్యాటరీది కాదు నానమ్మా, ఆల్టర్నేటర్ దాన్ని చార్జి చేయడం లేదు" అంది సింధు.

బోరబండ నుంచి మెకానిక్ యాదగిరి వచ్చాడు. ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టు బాగానే ఉందన్నాడు. ఆల్టర్నేటర్ వెనక ప్లగ్గు లాగితే లోపలంతా పచ్చటి చిలుము.

"ఏందమ్మా గిది? నీళ్లు గిట్ల పోసిన్రా?"

"కొబ్బరినీళ్లు. పూజ రోజు బానెట్ ఎత్తి నేనే పోశాను" అన్నాను.

"దేవుడు తాగిండో లేదో గానీ, ఆల్టర్నేటర్ మస్తు తాగిందమ్మా!"

సింధు పగలబడి నవ్వింది. మీరు కాయ చక్రం దగ్గరే కొట్టి ఊరుకుంటే, భక్తి చాలదని దెప్పేదాన్ని. పొరపాటు నాదేనండీ.

చిలుము గీకి కొత్త ప్లగ్గు వేశాక మీటరు పద్నాలుగు దాటింది. అబ్బాయి అమ్మే మాట మానేశాడు. ఇక సింధు షూటింగులకి దీంట్లోనే వెళ్తుందట. నిన్న నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి ఫిల్మ్ నగర్ ఎత్తు ఎక్కించింది. నాకు నమ్మకం కుదరాలని దారిలో రెండుసార్లు ఇంజిన్ ఆపింది. రెండుసార్లూ ఒక్క తిప్పుకే అందుకుంది.